భూగోళ పాఠంలో మన కొండల చరిత్ర

మనిషికీ నేలకీ ఉన్న సంబంధాన్ని చెప్పే చదువు మానవ భూగోళశాస్త్రం. మనుషులు ఎక్కడ ఉంటున్నారు, అక్కడే ఎందుకు ఉంటున్నారు, ఏం పండించి తింటున్నారు, ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నారు, తమ నేలను ఏ పేరుతో పిలుచుకుంటున్నారు అనే ప్రశ్నలు ఇందులో ఉంటాయి. ఈ చదువుకు ప్రాంతం, సరిహద్దు, జనసాంద్రత, దూరం, వలస, భూదృశ్యం వంటి మాటలు పునాది. ఉపాధ్యాయ శిక్షణలో మేము ఈ మాటలకు నిర్వచనాలు నేర్చుకున్నాం, పరీక్షల్లో రాశాం. ఇప్పుడు గోదావరి, శబరి నదుల పక్కన ఉన్న గూడేలలో కోయ, కొండరెడ్డి పిల్లలకు అవే మాటలు చెబుతున్నాం.

పిల్లలు నిర్వచనాలు బాగానే అప్పజెబుతారు. కానీ ఆ పాఠం తమ గురించేనని వాళ్ళకు తోచదు. పాఠంలోని ఉదాహరణలన్నీ దూరదేశాలవి. మన గురించి వచ్చేది ఒకటి రెండు వాక్యాలు మాత్రమే. వాటిలోనూ ‘ఆదిమ’, ‘వెనుకబడిన’ అన్న మాటలుంటాయి. నిజానికి ఆ పాఠంలోని ప్రతి మాటా మన కొండల మీద ఒక తేదీతో, ఒక చట్టంతో అమలైంది. ఆ మాటను కాగితం మీద ఎవరు రాశారన్న దాన్ని బట్టి మన భూమి మనకు దక్కిందో, పోయిందో తేలింది. అందుకే ఈ మాటలను ఒక్కొక్కటిగా తీసుకుని, వాటి వెనుక ఉన్న మన చరిత్రను చెప్పుకుందాం.

ప్రాంతం

ఏదో ఒక పోలిక ఉన్న నేల ముక్కను ప్రాంతం అంటారు. పుస్తకం దీన్ని మూడు రకాలుగా విడదీస్తుంది. ఒకే చట్టమో, ఒకే భాషో, ఒకే పంటో ఉన్నది మొదటి రకం. ఒక కేంద్రం చుట్టూ రాకపోకలతో ఏర్పడేది రెండో రకం. జనం మనసులో మాత్రమే ఉండేది మూడో రకం. ఈ మూడూ మన దగ్గర ఉన్నాయి.

మొదటి రకానికి మన ఉదాహరణ ‘ఏజెన్సీ’. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలిగిన వాళ్ళు మన ఊళ్ళలో తక్కువ. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్లో తిరుగుబాట్లు ఆగకపోవడంతో ఇంగ్లీషు ప్రభుత్వం 1839లో ఒక చట్టం చేసింది. మైదానంలో నడిచే మామూలు కోర్టులు, నిబంధనలు ఆ కొండలకు వర్తించకుండా చేసి, అక్కడ జిల్లా కలెక్టరును మద్రాసు గవర్నరుకు ‘ఏజెంటు’గా నియమించింది. ఆ ఏజెంటు ఏలిన నేల కాబట్టి అది ఏజెన్సీ అయింది. అంటే మన ప్రాంతానికి వచ్చిన ఈ పేరు ఒక ఉద్యోగి హోదా నుంచి పుట్టింది.

ఆ తర్వాత పేర్లు మారుతూ పోయాయి. 1874 చట్టంతో ‘షెడ్యూల్డ్ జిల్లాలు’ అన్నారు. 1919 చట్టంలో ‘వెనుకబడిన ప్రాంతాలు’ అన్నారు. 1935 చట్టంలో ‘మినహాయించిన ప్రాంతాలు’, ‘పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు’ అన్నారు. 1950లో రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద ‘షెడ్యూల్డ్ ప్రాంతాలు’ అయ్యాయి. నూట పదకొండేళ్ళలో అయిదు పేర్లు మారాయి. ఆ కొండలు అక్కడే ఉన్నాయి, ఆ గూడేలలో ఉన్నదీ మన తాతముత్తాతలే.

పేరు పైవాళ్ళు పెట్టినదే అయినా, ఆ గీత లోపల మనకు రక్షణ కూడా వచ్చింది. కొండవాళ్ళ భూమి షావుకార్ల చేతికి పోకుండా 1917లో ఏజెన్సీ భూబదలాయింపు చట్టం వచ్చింది. 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదలాయింపు నిబంధన వచ్చింది. దాన్ని 1963లో తెలంగాణ ప్రాంతానికీ వర్తింపజేశారు. 1970 సవరణ దానికి పళ్ళు పెట్టింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, వేరే విధంగా రుజువయ్యేదాకా, గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించాలని ఆ సవరణ చెప్పింది. గిరిజనేతరులు తమలో తాము అమ్ముకోవడం కూడా చెల్లదంది. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఇంకొక అడుగు వేసింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వమే లీజులివ్వడం కూడా ఆ నిబంధనకు విరుద్ధమని తీర్పు చెప్పింది. అనంతగిరి మండలం కొండల నుంచి వచ్చిన కేసు అది. కాబట్టి ‘షెడ్యూల్డ్ ప్రాంతం’ అన్న మాట పిల్లలకు నిర్వచనంగా మాత్రమే తెలిస్తే చాలదు. అది మన చేను చుట్టూ ఉన్న దడి. ఆ దడి బయట మిగిలిపోయిన గిరిజన గ్రామాలు ఈనాటికీ చాలా ఉన్నాయి. తమనూ లోపలికి కలపమని అడుగుతూనే ఉన్నాయి.

రెండో రకం ప్రాంతానికి మన సంతను మించిన ఉదాహరణ లేదు. జర్మనీకి చెందిన క్రిస్టాలర్ 1933లో కేంద్రస్థానాల సిద్ధాంతం రాశాడు. చుట్టుపక్కల పల్లెలకు సరుకు, సేవ అందించే ఊరు కేంద్రస్థానమని, ఒక్కో కేంద్రానికి ఒక్కో పరిధి ఉంటుందని దాని సారం. మన సంత కూడా అదే పని చేస్తుంది. తేడా ఏమంటే, ఇక్కడ కేంద్రం రోజుకొక ఊరికి మారుతుంది. ఉప్పు, బట్టలు, ఎండుచేపలు పట్టుకుని వ్యాపారులు సంత వెంట తిరుగుతారు. చింతపండు, ఇప్పపువ్వు, అడ్డాకులు తట్టలో పెట్టుకుని మనవాళ్ళు తెల్లారకముందే నడక మొదలుపెడతారు. ఒక సంతకు ఎంత దూరం నుంచి జనం నడిచి వస్తారో అంతవరకూ ఆ సంత ప్రాంతమే. పెళ్ళిమాటలు, చావు కబుర్లు, పండుగ తేదీలు కూడా ఆ పరిధిలోనే తిరుగుతాయి. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టినప్పుడు, ఈ సంతల్లోనే తూకంలో, ధరలో జరిగే మోసాన్ని ఆపి అటవీ ఫలసాయాన్ని కొనాలన్నది దాని ఉద్దేశం.

మూడో రకం, మనసులోని ప్రాంతం. మైదానం వాళ్ళకు ‘మన్యం’ అనగానే జ్వరం, అడవి, భయం గుర్తుకొస్తాయి. అదే మన్యం మనకు పుట్టిల్లు. ఒకే నేల మీద రెండు మనసులు రెండు పటాలు గీసుకున్నాయి. పిల్లలకు ఈ మాట చెబితే ‘వెనుకబడిన ప్రాంతం’ అన్నది కొండ గుణం కాదనీ, చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడో చెప్పే మాట అనీ వాళ్ళకే తెలుస్తుంది.

సరిహద్దు

సరిహద్దులు రెండు రకాలు అంటుంది పుస్తకం: నదులు, కొండలు గీసినవి కొన్ని, మనిషి గీసినవి కొన్ని. మా రేకపల్లి ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుంటే రెండో రకం ఎంత బలమైందో తెలుస్తుంది.

భద్రాచలం, రేకపల్లి ప్రాంతం 1860 దాకా నిజాం రాజ్యంలో ఉంది. ఆ ఏడాది ఇంగ్లీషు వాళ్ళకు పోయి, సెంట్రల్ ప్రావిన్సులలో ఎగువ గోదావరి జిల్లాలో చేరింది. 1874లో మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాకు మార్చారు. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 1959లో తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు, పోలవరం కోసం భద్రాచలం పట్టణాన్ని విడిచిపెట్టి, కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురంతో పాటు ఏడు మండలాల గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. 2022లో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చాయి. శబరి పక్కన ఒక కోయ కుటుంబం ఇల్లు కదపకుండానే ఇన్ని ప్రభుత్వాలను చూసింది.

కాగితం మీద గీత జరిగితే జనానికి ఏమవుతుందో 1874 చెబుతుంది. సెంట్రల్ ప్రావిన్సులలో ఉన్నప్పుడు రేకపల్లిలో పోడు మీద పన్ను తేలికగా ఉండేది. మద్రాసు కిందికి రాగానే పన్ను పెరిగింది, కొన్నిచోట్ల పోడు కొట్టడాన్నే ఆపారు. అదే కాలంలో పక్కన రంపలో మన్సబుదారు చిగురు పన్నుతో జనాన్ని పీల్చుతున్నాడు. కల్లు గీసుకోవడం మీద కొత్త ఆబ్కారీ నిబంధనలు వచ్చిపడ్డాయి. మైదానం కోర్టుల డిక్రీలు పట్టుకుని షావుకార్లు పశువులను, పంటను తోలుకుపోతున్నారు. 1879 మార్చిలో రంపలో తిరుగుబాటు మొదలైంది. కారం తమ్మన్నదొర వంటి నాయకులు దాన్ని నడిపారు. ఆ వేసవి దాటేసరికి అది రేకపల్లికీ పాకింది. జిల్లా మార్చిన అయిదేళ్ళకే మా కొండలు ఎందుకు లేచాయో, ఆ సరిహద్దు కథ తెలియకుండా అర్థం కాదు.

ఇది పాతకథ మాత్రమే అనుకోవద్దు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు కోరాపుట్ విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయింది. సాలూరు పైన కొటియా గ్రామాలు ఎవరివన్న తగాదా ఆంధ్రప్రదేశ్, ఒడిశాల మధ్య ఇంకా తెగలేదు. 2021లో అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిగితే ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అటు తెలంగాణ కెరమెరి మండలంలో పరందోలి చుట్టుపక్కల పల్లెలను మహారాష్ట్ర కూడా తనవే అంటోంది. ఆ పల్లెల జనం రెండు వైపులా ఓటు వేస్తారు. కోయలు, గోండులు, కోంధులు ఈ గీతలు పుట్టకముందు నుంచీ ఆ కొండలకు రెండు పక్కలా ఉన్నారు. అత్తగారిల్లు ఒక రాష్ట్రం, పుట్టిల్లు ఇంకో రాష్ట్రం అయినంత మాత్రాన చుట్టరికం మారదు. కానీ బడిలో పిల్ల చదివే భాష, లిపి మారిపోతాయి. ఒకే గోండి భాష ఒకచోట దేవనాగరిలో, ఒకచోట తెలుగులో రాయాల్సి వస్తోంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. గోండి పిల్లలకు తమ లిపి ఒకటి ఉందని చెప్పుకునే వీలు అలా కలిగింది.

పోడు

జర్మనీలో రాట్జెల్ మానవ భూగోళశాస్త్రానికి పునాది అనే గ్రంథం మొదటి సంపుటం 1882లో అచ్చయింది. మనిషి జీవితాన్ని ప్రకృతి ఎలా మలుస్తుందో అందులో వివరించాడు. ఆయన వెనుక వచ్చిన కొందరు దాన్ని సాగదీసి, వాతావరణమూ నేలా మనిషి నాగరికతను నిర్ణయిస్తాయన్నారు. దీన్ని పరిసర నిర్ణయవాదం అంటారు. ఫ్రాన్సులో విదాల్ ద లా బ్లాష్ దీనికి ఎదురు చెప్పాడు. ప్రకృతి కొన్ని దారులు చూపిస్తుంది, అందులో ఏ దారి పట్టాలో మనిషి ఎంచుకుంటాడు అన్నాడు. ఇది సాధ్యతావాదం.

అదే 1882లో మన దగ్గర మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అని ప్రకటించిన అడవిలో పోడు కొట్టడం, పశువులు మేపడం, కట్టె తేవడం ప్రభుత్వ అనుమతికి లోబడిన పనులయ్యాయి, అనుమతి లేకపోతే నేరాలయ్యాయి. రెండు సంఘటనలకూ సంబంధం లేదు. అయినా పక్కపక్కన పెట్టి చెబితే పిల్లలకు ఒక సంగతి తెలుస్తుంది. మన తాతలకు దారి మూసింది ప్రకృతి కాదు. దారులు ఉన్నాయి, వాటికి అడ్డంగా గేటు పెట్టింది ఒక చట్టం.

పాఠ్యపుస్తకంలో పోడును ఆదిమ జీవనాధార వ్యవసాయం కింద చేరుస్తారు. ఈశాన్యంలో ఝూమ్, మధ్యప్రదేశ్‌లో బేవర్, పడమటి కనుమల్లో కుమరి అని జాబితా ఇస్తారు. చెట్లు నరికి కాలుస్తారు, సారం పోగానే ఇంకోచోటికి పోతారు అని ముగిస్తారు. వాలు నేల మీద నాగలి పట్టదని, దున్నితే మట్టి వానకు కొట్టుకుపోతుందని, అందుకే పోడులో గుంటకర్రతోనో పారతోనో విత్తనం వేస్తారని అందులో ఉండదు. ఒకే చేనులో సామలు, కొర్రలు, జొన్నలు, కందులు, అలసందలు కలిపి చల్లితే ఒకటి పోయినా ఒకటి చేతికొస్తుందని ఉండదు. మోడు మొదలంటా పెకలించకుండా చిగురించేలా వదులుతారని, కొన్నేళ్ళ పంట తర్వాత ఆ నేలను అడవికి తిరిగి అప్పగిస్తారని ఉండదు. ఇప్ప, చింత, మామిడి చెట్లను నరకరు అన్న కట్టుబాటూ ఉండదు.

నేలకు ఇచ్చే ఆ విశ్రాంతే మన భూమిని పోగొట్టింది. సర్వే చేసే అధికారి కళ్ళకు ఏటా దున్నిన చేనే చేను. విశ్రాంతిలో ఉన్న పోడు బంజరు, లేదంటే అడవి. రికార్డులో సాగుదారు గడి ఖాళీగా మిగిలింది. ఆ ఖాళీ గడిలో ప్రభుత్వం పేరు పడింది. రిజర్వు గీతలు దగ్గరికి జరిగేకొద్దీ పోడుకు మిగిలిన నేల తగ్గింది, నేలకు ఇచ్చే విశ్రాంతి ఏళ్ళు తగ్గాయి, పంటా తగ్గింది. అప్పుడు పోడు అడవిని పాడు చేస్తోంది అన్నారు.

నిజాం రాజ్యంలోనూ ఇంతే. ఆదిలాబాద్ కొండల్లో గోండు, కొలాం పల్లెలను రిజర్వు అడవి గీతల నుంచి తరిమితే, కొమరం భీం నాయకత్వంలో జనం ఎదురు తిరిగారు. 1940లో జోడేఘాట్ దగ్గర భీంను, ఆయన అనుచరులను పోలీసులు కాల్చి చంపారు. ఎందుకిలా జరిగిందో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను రప్పించింది. ఆయన సిఫార్సుల తర్వాతే గోండులకు పట్టాలు ఇవ్వడం మొదలైంది, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. మన జాతుల్లో ఉపాధ్యాయులు పుట్టడం వెనుక జోడేఘాట్ నెత్తురు ఉందని మేము మరిచిపోము.

జనసాంద్రత

ఒక చదరపు కిలోమీటరుకు ఎంతమంది జనం ఉన్నారో చెప్పేది జనసాంద్రత. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాంద్రత 308, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా సాంద్రత 170. ఈ అంకెలు చూసి పిల్లలు ‘కొండల్లో జనం తక్కువ, భూమి ఎక్కువ’ అని రాస్తారు. బయటివాళ్ళు కూడా ఇదే అంటారు. ఖాళీగా ఉన్న చోట ఆనకట్టో గనో వస్తే నష్టం ఏముంది అన్న వాదన ఇక్కడి నుంచే బయలుదేరుతుంది.

కానీ మానవ భూగోళశాస్త్రంలోనే ఇంకొక లెక్క ఉంది. జనాభాను మొత్తం విస్తీర్ణంతో భాగిస్తే వచ్చేది అంకగణిత సాంద్రత. సాగుకు వీలున్న భూమితో మాత్రమే భాగిస్తే వచ్చేది వేరు. పిల్లల చేత మేము ఈ లెక్క చేయిస్తాం. ఒక పంచాయతీలో 1000 మంది ఉన్నారనుకుందాం. విస్తీర్ణం 50 చదరపు కిలోమీటర్లు. అందులో 45 రిజర్వు అడవి. మొత్తంతో భాగిస్తే చదరపు కిలోమీటరుకు 20 మంది. దున్నుకోనిచ్చే 5 చదరపు కిలోమీటర్లతో భాగిస్తే 200 మంది. జనం వాళ్ళే, అంకె పదింతలు పెరిగింది. వాడుకోనివ్వని అడవిని భాగహారంలో కలిపి, ఆ పైన మీకు భూమి ఎక్కువ అనడం న్యాయమేనా అని అడిగితే అయిదో తరగతి పిల్ల కూడా జవాబు చెబుతుంది.

దూరం

దూరం రెండు రకాలు. కిలోమీటర్లలో కొలిచేది ఒకటి, కాలంలో, కష్టంలో కొలిచేది ఒకటి. మైదానంలో ఎనిమిది కిలోమీటర్లు అంటే ఆటోలో పావుగంట. కొండ మీద అదే ఎనిమిది కిలోమీటర్లు గెడ్డలు దాటి, డోలీలో గర్భిణిని మోసుకుంటూ దిగితే సగం రోజు. వానాకాలంలో గెడ్డ పొంగితే ఆ దూరానికి కొలతే లేదు. కొండ పల్లెల్లో తల్లులు, పసిపిల్లలు ఈ దూరం వల్లే చనిపోతున్నారు. దారి వేయమని అడగడం మన హక్కు.

కానీ దారి ఎవరి కోసం వేస్తున్నారన్నది కూడా భూగోళ ప్రశ్నే. నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఇంగ్లీషు ప్రభుత్వం దారి వేయించినప్పుడు గూడెం తహశీల్దారు బాస్టియన్ కొండవాళ్ళను సరైన కూలీ ఇవ్వకుండా ఆ పనికి లాగాడు. ఆ దారి కొండకు, కచేరీకి మధ్య దూరం తగ్గించడానికి, కలప దిగడానికి, పోలీసు ఎక్కడానికి. ఆ కోపం, పోడు మీద ఆంక్షల కోపం, ముఠాలు పోగొట్టుకున్న ముఠాదారుల కోపం అన్నీ కలిశాయి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర, వాళ్ళ వెంట నడిచిన కొండజనం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డారు. తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి కూడా తుపాకులు ఎత్తుకుపోయారు. పోరాటం 1924 దాకా సాగింది. ఆ కొండల్లో ఏ బాట ఎటు పోతుందో తెలిసింది మనవాళ్ళకే కాబట్టి అన్నాళ్ళు నిలబడగలిగారు. ఎటు నుంచి చూస్తే దూరం, ఎటు నుంచి చూస్తే దగ్గర అన్న తెలివి కూడా భూగోళ జ్ఞానమే.

వలస

రావెన్‌స్టీన్ 1885లో వలసల మీద కొన్ని సూత్రాలు రాశాడు. ఎక్కువమంది దగ్గరి చోటికే పోతారని అందులో ఒకటి. తర్వాతివాళ్ళు తోసే కారణాలు, లాగే కారణాలు అని విడదీశారు. కరువు తోస్తుంది, పట్నంలో కూలి లాగుతుంది. మన తెలుగు నేల మీద ఊళ్ళ పేర్లే ఈ చరిత్ర చెబుతాయి. ఉత్తరాంధ్రలో ఎన్నో ఊళ్ళ పేర్లు ‘వలస’తో ముగుస్తాయి. కొత్తవలస అన్న పేరులోనే ఎవరో కొత్తగా వచ్చి కుదురుకున్న సంగతి ఉంది.

ఈ పాఠం చెప్పేటప్పుడు మేము పిల్లలను ఒక ప్రశ్న అడుగుతాం: తోసే కారణం అంటున్నాం కదా, తోసింది ఎవరు? కరువుకు పేరు లేదు. ఆనకట్టకు పేరు ఉంది, దాని మీద సంతకాలు ఉన్నాయి. దాని వల్ల ఊరు వదిలితే దాన్ని నిర్వాసితం అనాలి. పోలవరం ముంపులో పోతున్న గూడేల జనాన్ని ‘వలస వెళ్ళారు’ అని రాస్తే, ఆ వాక్యంలో ఆనకట్ట కనబడకుండా పోతుంది.

వీళ్ళకు కాలనీలో ఇల్లు ఇస్తారు. అడవి ఇవ్వరు. తునికాకు, వెదురు, ఇప్పపువ్వు, గట్టు మీది మేత, నదిలోని చేప ఏ నష్టపరిహారం జాబితాలోకీ పూర్తిగా ఎక్కవు. ఇంకొక ప్రమాదమూ ఉంది. కాలనీ గానీ, దానికి ఇచ్చిన భూమి గానీ షెడ్యూల్డ్ ప్రాంతం బయట ఉంటే 1959 నిబంధన అక్కడ పని చేయదు. దడి లోపల పుట్టిన కుటుంబం దడి బయట పడుతుంది.

సరిహద్దు, వలస అనే రెండు మాటలు కలిసి ఒకే మనిషి మీద పడితే ఏమవుతుందో కూడా చూస్తున్నాం. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం గొడవల వల్ల వేలమంది కోయలు ప్రాణాలు చేతబట్టుకుని ఇటు వచ్చారు. వాళ్ళను బయటివాళ్ళు గొత్తికోయలు అంటున్నారు. వాళ్ళ భాష మనకు అర్థమవుతుంది, వాళ్ళ ఇంటిపేర్లు మన ఇంటిపేర్లే. కానీ గీత దాటిన నాటి నుంచి వాళ్ళు కాగితాల్లో ‘వలసదారులు’. కులధృవీకరణ పత్రం దగ్గర, అడవిలో వేసుకున్న గుడిసె దగ్గర ఆ మాటే అడ్డం వస్తోంది. ప్రాణభయంతో వచ్చినవాడికీ, కూలి కోసం వచ్చినవాడికీ ఒకే మాట వాడకూడదని భూగోళ పాఠమే చెబుతుంది.

భూదృశ్యం, ఊరి పేర్లు

అమెరికాకు చెందిన కార్ల్ సావర్ 1925లో సాంస్కృతిక భూదృశ్యం అనే మాటకు అర్థం చెప్పాడు. ప్రకృతి ఇచ్చిన నేల మీద ఒక జనం తమ బతుకుతో వేసిన ముద్రే సాంస్కృతిక భూదృశ్యం. ఈ ఒక్క మాట మన పిల్లలకు బాగా పట్టించాలి. మన అడవిని చూసి ‘మనిషి చేయి పడని అడవి’ అంటారు. గూడెం పక్కన గుంపుగా ఉన్న చింతచెట్లు ఒకప్పటి పాత గూడేనికి గుర్తు. పెద్దల పేరున నిలబెట్టిన రాళ్ళు ఉన్నచోట ఏ ఇంటిపేరు వాళ్ళు ఉండేవారో ముసలివాళ్ళు చెబుతారు. భూమి పండుగ చేసే చోటు, ఊటచెలమ, వేటకు పోయే బాట, గట్టు దేవత నిలిచిన చెట్టు, ఇవన్నీ మన చేతి రాతలే. పేర్లు కూడా అంతే. చింతపల్లి, మారేడుమిల్లి, అడ్డతీగల అన్న పేర్లలో చెట్టూ తీగా వినిపిస్తాయి. పటంలో అచ్చుకాని పేర్లు ఇంకా వేలు ఉన్నాయి. ప్రతి గొందికీ, ప్రతి వాగు మలుపుకూ, ప్రతి పాత పోడుకూ మన భాషలో పేరుంది.

ఈ పేర్లకు ఇప్పుడు చట్టంలోనూ విలువ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న అడవి భూమి మీద గిరిజనుడికి హక్కు వస్తుంది, ఒక్కొక్కరికి గరిష్ఠంగా నాలుగు హెక్టార్ల వరకు. ఊరంతా కాపాడుకుంటూ వచ్చిన సామూహిక అడవి మీద ఊరికే హక్కు వస్తుంది. దరఖాస్తులను మొదట పరిశీలించేది గ్రామసభ. సాక్ష్యంగా ప్రభుత్వ కాగితాలే చూపించాలని లేదు. పాత బావులు, శ్మశానాలు, పూజాస్థలాలు సాక్ష్యమే. పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అదీ సాక్ష్యమే. ఇలాంటి సాక్ష్యాలు ఒకటి కంటే ఎక్కువ ఉండాలని నియమాలు చెబుతున్నాయి. సర్వే గడిలో ఒకనాడు ఖాళీగా మిగిలిన మన పేరు, ఇప్పుడు మన పెద్దల నోటి మాటతో తిరిగి ఎక్కే వీలుంది. కానీ ఆ పెద్దలు తగ్గిపోతున్నారు. ఒకే గూడెం పేరు రెవెన్యూ పుస్తకంలో ఒక తీరుగా, అటవీ పటంలో ఇంకో తీరుగా ఉండి దరఖాస్తు తిరిగొచ్చే పరిస్థితి ఉంది. మన పేర్లు మనం రాసుకోకపోతే ఇతరులు తప్పుగా రాస్తారు, లేదా రాయనే రాయరు.

అందుకని మన ఉపాధ్యాయ మిత్రులకు, చదువుకుంటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా సూచన ఇది. మానవ భూగోళ పాఠం వచ్చినప్పుడు పిల్లలను నాలుగు జట్లు చేయండి. ఒక జట్టు ఊరి సరిహద్దు చుట్టూ పెద్దలతో నడవాలి. ఒక జట్టు వాగులు, గట్లు, గొందులు, పాత పోడుల పేర్లు మాతృభాషలో అడిగి తెలుగు లిపిలో రాయాలి, ఆ పేరు ఎందుకు వచ్చిందో పక్కన రాయాలి. ఒక జట్టు ఏ ఇంటిపేరు వాళ్ళు ఎక్కడి నుంచి ఎప్పుడు వచ్చారో అడగాలి. ఒక జట్టు మన ఊరివాళ్ళు ఏ సంతకు పోతారో, ఎంతసేపు నడుస్తారో, ఏం అమ్ముతారో రాయాలి. నాలుగింటినీ కలిపి ఒక పెద్ద కాగితం మీద పటం గీయించండి. చెప్పిన పెద్దల పేర్లు, తేదీ కింద రాయించండి. ఒక ప్రతి బడిలో ఉంచి, ఒక ప్రతి గ్రామసభకు ఇవ్వండి.

ఆ పటం గీసిన పిల్లకు ప్రాంతం, సరిహద్దు, సాంద్రత, దూరం, వలస, భూదృశ్యం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. రేపు ఆ పిల్ల గ్రామసభలో నిలబడి తన తాత పోడు ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలదు.